మా అమ్మాయి వెబ్ ఆప్షన్స్‌లో మైనింగ్ పెట్టేసింది. ఇప్పుడేం చేయాలి?

ఉప్పల్_వాణి
నిన్న రాత్రి సీటు అలాట్‌మెంట్ వచ్చింది. కొత్తగూడెం, మైనింగ్ ఇంజనీరింగ్. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సీఎస్‌ఈలన్నిటికన్నా పైన పెట్టుకుంది. వాళ్ల నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయారు. ర్యాంకు గొప్పదేం కాదు గానీ ఘట్‌కేసర్ వైపో ఇబ్రహీంపట్నం వైపో ఏదో ఒక కాలేజీలో ఏఐఎంఎల్ వచ్చేది.

మేముండేది ఎన్‌జీఆర్‌ఐకి (భూగర్భం మీద పరిశోధన చేసే సంస్థ) దగ్గర్లో. ఎనిమిదో క్లాసులో ఓపెన్ డే అని స్కూలువాళ్లు లోపలికి తీసుకెళ్లారు. అప్పట్నుంచి దీనికి రాళ్ల పిచ్చి. కిటికీ గట్టు నిండా రాళ్లే, దుమ్ము కూడా దులపనివ్వదు.

బొగ్గు గనులు మూసేస్తారంటున్నారు, ఎక్కడ చూసినా సోలార్ అంటున్నారు. నాలుగేళ్ల తర్వాత ఈ చదువును ఎవరైనా అడుగుతారా? అసలు ఆడపిల్లను గనిలోకి దిగనిస్తారా? ఫీజు కట్టడానికి నాలుగు రోజులే టైముంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చాయ్_బిస్కట్
అక్కా, ముందు ఒకటి తేల్చుకోండి. డేటా మైనింగ్ అనుకుని పెట్టలేదు కదా?

ఉప్పల్_వాణి
ఆ అనుమానం వాళ్ల నాన్నకూ వచ్చింది. అడిగితే రాయి ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

కోడ్‌కూలీ
నేను 2014 బ్యాచ్ మైనింగ్. కాలేజీ పేరు వద్దులెండి. ఇప్పుడు మాదాపూర్‌లో జావా రాసుకుంటున్నా, నా సమాధానం ఏంటో అర్థమయ్యే ఉంటుంది.

మేం బయటికొచ్చిన ఏడాది, ఆ తర్వాతి ఏడాది మా క్యాంపస్ మొహం చూసినవాళ్లు లేరు. నేను ఒడిశాలో ఒక క్వారీలో చేరా. 12 వేల జీతం, రేకుల షెడ్డులో గది. దాంతో ఎలాగో సర్దుకున్నా. అసలు చిక్కు వేరే ఉంది. మైనింగ్‌లో డిగ్రీ ఒక్కటే సరిపోదు, గనుల భద్రత చూసే కేంద్ర విభాగం డీజీఎంఎస్ ఇచ్చే మేనేజర్ సర్టిఫికెట్ ఉండాలి. సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ అని రెండుంటాయి. గనిలో చేసిన అనుభవం చూపిస్తేనే పరీక్షకు రానిస్తారు. అందులోనూ అండర్‌గ్రౌండ్ అనుభవం లేకపోతే ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వుకుపోయే) గనులకే చెల్లే రిస్ట్రిక్టెడ్ సర్టిఫికెట్ చేతిలో పెడతారు. అనుభవం రావాలంటే ఉద్యోగం కావాలి, మంచి ఉద్యోగానికి వెళ్తే సర్టిఫికెట్ ఉందా అంటారు. గానుగెద్దులా రెండేళ్లు తిరిగి చివరికి అమీర్‌పేటలో తేలా.

పిల్లకు ఇష్టమే కావచ్చు. కానీ ఇష్టం ఉన్నవాడే నేనూ.

రిటైర్డ్_ఓవర్‌మన్
కోడ్‌కూలీ తమ్మీ, నువ్వు చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే. నేను డిగ్రీ కాదు, డిప్లొమా కాదు. ఇల్లందులో బొగ్గు నింపే ఫిల్లర్‌గా బాయి (భూగర్భ గని) దిగి, కింది సూపర్‌వైజర్ పరీక్ష సర్దార్ పాసై, దానిమీది ఓవర్‌మన్‌గా రిటైరైన. ఇప్పుడు వనస్థలిపురంలో కొడుకు దగ్గర ఉంటున్న.

90ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైన ఉండేవాళ్లం. ఇప్పుడు 40 వేల దరిదాపు. బొగ్గు మాత్రం తగ్గలేదు, ఏడాదికి 7 కోట్ల టన్నుల దాకా తీస్తున్నరు. బాయిలు మూతపడి ఓసీపీలు (ఓపెన్‌కాస్ట్ గనులు) వచ్చినయ్. తట్ట పట్టేటోడు పోయిండు, షావెల్ (తవ్వే పెద్ద మిషన్) వచ్చింది. ఆ షావెల్ ఎక్కడ నిలబడాలి, గట్టు ఎంత ఎత్తు కోయాలి, వానాకాలం నీళ్లు ఎటు పోవాలి అని చెప్పేటోడు పోలేదు. బిడ్డ చదివేది ఆ చెప్పే చదువు. భయపడకు వాణమ్మా.

లెక్కలు_తప్పవు
అందరూ బొగ్గు పోతుంది పోతుంది అంటున్నారు కాబట్టి ఒక చిన్న లెక్క. ఈ అమ్మాయి 2030లో బయటికొస్తుంది. 60కి రిటైర్ అనుకుంటే 2068. మన దేశం నెట్ జీరో (కర్బన ఉద్గారాలు నికరంగా సున్నాకు తేవడం) గడువు 2070. అంటే రెండేళ్ల మార్జిన్‌తో పెన్షన్ కూడా వచ్చేస్తుంది.

నవ్వులాట పక్కనపెడితే, 2024-25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి మొదటిసారి 100 కోట్ల టన్నులు దాటింది. మూసేసేవాళ్ల వరస ఇలా ఉండదు.

కోడ్‌కూలీ
@లెక్కలు_తప్పవు ఉత్పత్తి పెరిగితే ఉద్యోగం పెరుగుతుందని ఎవరన్నారు? ఓవర్‌మన్ గారి అంకెలే చూడండి. లక్ష నుంచి 40 వేలు. అదే గ్రాఫ్ ఇంజనీర్లకు గీయండి చూద్దాం. పైగా ఇప్పుడు గనుల్లో తవ్వే పని చాలావరకు అవుట్‌సోర్సింగ్‌కే పోతోంది. కాంట్రాక్టర్ దగ్గర కొత్త ఇంజనీర్ జీతం ఎంతో తెలుసా?

బైలడిల్లా_బావ
ఇక్కడ అందరూ మైనింగ్ అంటే బొగ్గే అన్నట్టు మాట్లాడుతున్నారు. మన మాసాబ్ ట్యాంక్‌లోనే ఎన్ఎండీసీ హెడ్డాఫీసు ఉంది కదా. రోజూ దాని ముందు నుంచి ఆటోలో పోతారు, అది ఇనుప ఖనిజం కంపెనీ అని సగం మందికి తెలియదు. నేను ఛత్తీస్‌గఢ్‌లో వాళ్ల బైలడిల్లా గనుల దగ్గర, కిరందుల్‌లో చేస్తా. కొండ మీద పని, చుట్టూ అడవి. వైజాగ్ నుంచి వచ్చే రైలే మాకు బయటి ప్రపంచం. పిల్లల చదువులకని మా ఆవిడ నాచారంలో ఉంటుంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు అని చెప్పుకోవడమే గానీ కలిసుండేది ఏడాదికి రెండు నెలలు.

వాణి గారూ, జీతం గురించి అడిగేముందు అమ్మాయిని ఈ ముక్క అడగండి. గని సిటీకి రాదు, మనమే గని దగ్గరికి పోవాలి. ఇంకోటి, గేట్ పరీక్షలో మైనింగ్ పేపర్ కోడ్ ఎంఎన్. రాసేవాళ్లు సీఎస్‌తో పోలిస్తే చాలా తక్కువ. ప్రభుత్వ కంపెనీలు ఆ స్కోరు చూసి తీసుకున్న సందర్భాలు బోలెడు. మూడో ఏడాది నుంచే మొదలుపెడితే చాలు.

చాయ్_బిస్కట్
ఏడాదికి రెండు నెలలేనా బావా? మీ దాంపత్యం పదికాలాలు చల్లగా ఉండటానికి కారణం ఇప్పుడు తెలిసింది.

గేట్_కోచింగ్_సర్
అందరూ అసలు పాయింట్ వదిలేస్తున్నారు. భవిష్యత్తంతా క్రిటికల్ మినరల్స్, అంటే లిథియం లాంటి కీలక ఖనిజాలు. కేంద్రం 2023లో 30 ఖనిజాల లిస్టు ఇచ్చింది. 2025 జనవరిలో నేషనల్ క్రిటికల్ మినరల్ మిషన్‌కు 16,300 కోట్లతో కేబినెట్ ఆమోదం పడింది. జమ్మూ కశ్మీర్ రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం. బంగారు కాలం వస్తోంది. ఈ అమ్మాయికి ఎదురే లేదు.

కంచన్‌బాగ్_మెటలర్జీ
@గేట్_కోచింగ్_సర్ కాస్త ఆగండి సార్. 59 లక్షల టన్నులన్నది ఖనిజ వనరు మీద ప్రాథమిక అంచనా. అంత లిథియం అక్కడ కుప్ప పోసి లేదు. అంచనా వేయడానికీ, తవ్వితే గిట్టుబాటు అవుతుందని తేల్చడానికీ మధ్య బోలెడు డ్రిల్లింగ్, ఏళ్ల తరబడి టెస్టింగ్ ఉంటుంది. మన దేశం అర్జెంటీనాలో లిథియం బ్లాకులు తీసుకుంది కదా, అది ఉప్పునీళ్ల లిథియం. అక్కడ సొరంగాలుండవు, బ్లాస్టింగ్ ఉండదు. ఉప్పునీళ్లను పైకి తోడి, మడుల్లో ఎండబెట్టి, రసాయనాలతో వేరుచేస్తారు. కెమికల్ ఇంజనీర్ల పని అది.

రేర్ ఎర్త్స్‌లో (అరుదైన లోహాల్లో) చైనా అందరికన్నా పైన కూర్చుంది రాయి తవ్వినందుకు మాత్రమే కాదు, శుద్ధి చేసే విద్య దానికి ఉన్నందుకు. మైనింగ్ కోర్సులో మినరల్ ప్రాసెసింగ్ ఒకటో రెండో పేపర్లు పెట్టి మమ అనిపిస్తే ఆ 16,300 కోట్లలో మన పిల్లలకు దక్కేది అంతంతమాత్రమే. అమ్మాయి చేరితే ఎలక్టివ్స్‌లో ప్రాసెసింగ్ వదలొద్దని చెప్పండి.

గేట్_కోచింగ్_సర్
మెటలర్జీ వాళ్లకు మెటలర్జీయే గొప్ప.

కంచన్‌బాగ్_మెటలర్జీ
కోచింగ్ వాళ్లకు బంగారు కాలమే గొప్ప.

హెల్మెట్_జడ
వాణి ఆంటీ, మీ రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. నేనిస్తా. నేను రాజస్థాన్‌లో ఒక లోహ గనిలో అండర్‌గ్రౌండ్ ఇంజనీర్‌ని. పుట్టి పెరిగింది మౌలాలి.

1952 గనుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయకూడదని ఉండేది. ఓపెన్‌కాస్ట్‌లో కూడా పగలే. 2019 ఫిబ్రవరిలో కేంద్రం సడలింపు ఇచ్చింది. అండర్‌గ్రౌండ్‌లో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనులు చేయొచ్చని, ఓపెన్‌కాస్ట్‌లో రాత్రిళ్లు కూడా చేయొచ్చని అప్పుడు చెప్పింది. మన రాతపూర్వక అంగీకారం తీసుకోవాలని కూడా అంది. అంటే అంతకుముందు మైనింగ్ చదివిన అక్కలకు, కోడ్‌కూలీ గారు చెప్పిన ఆ అండర్‌గ్రౌండ్ అనుభవం చట్టమే అడ్డుపెట్టేది. డిగ్రీ ఇచ్చి తలుపు మూసినట్టు. ఇప్పుడు ఆ తలుపు తెరుచుకుంది.

తలుపు వెనకాల ఎలా ఉందో కూడా చెప్తా. మొదటి రోజు క్యాప్ ల్యాంప్ బెల్ట్ ఇచ్చారు. మగవాళ్ల నడుముకు చేసింది, బ్యాటరీ, సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు వస్తే ఊపిరికి వాడే పరికరం) బరువుకు జారిపోతోంది. వర్క్‌షాపులో మేకు కాల్చి మూడు చిల్లులు ఎక్కువ పొడిపించుకున్నా. బూట్లు నా సైజు లేవు, రెండు జతల సాక్సులు తొడుక్కున్నా. ఇవన్నీ నవ్వుకునే విషయాలు. నవ్వలేనిది ఒకటుంది. లోపల ఆడవాళ్లకు టాయిలెట్ లేదు. పైకి వచ్చి వెళ్లడానికి 40 నిమిషాలు. అందుకని షిఫ్టంతా నీళ్లు తాగకుండా ఉండేదాన్ని, నాలుగో నెలలో ఇన్ఫెక్షన్‌తో మంచాన పడ్డా. ఆ తర్వాత మేం నలుగురం రాసిస్తే పెట్టారు. చేరే ముందు ఇంటర్వ్యూలోనే ఈ ప్రశ్న అడగమనండి, సిగ్గుపడొద్దు.

ఇంతా చెప్పి, మళ్లీ ఏ బ్రాంచి అంటే మైనింగే అంటా.

ఉప్పల్_వాణి
అమ్మా, నువ్వు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. టాయిలెట్ దగ్గర ఆగి మళ్లీ చదవమన్నారు. ఏం మాట్లాడలేదు. కానీ ఇవాళ అన్నం తిన్నారు.

డ్రోన్_చిన్నోడు
నా కేసు వేరే. 2019 బ్యాచ్, గనిలో ఒక్క రోజు కూడా మేనేజర్‌గా చేయలేదు. కొంపల్లిలో చిన్న సర్వే కంపెనీ మాది. 2021లో రూల్ మారింది. బొగ్గు కాని ఖనిజాల లీజుల్లో 50 హెక్టార్లు, ఆపైన ఉంటే, లేదా ఏడాదికి 10 లక్షల టన్నులు, అంతకుమించి తవ్వే ప్లాన్ ఉంటే ఏటా డ్రోన్ సర్వే చేయించి బొమ్మలు ఐబీఎంకు (ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్) ఇవ్వాలి. ఆ ఒక్క రూల్ మీద మేం ఆరుగురం బతుకుతున్నాం.

మొన్న తాండూరు వైపు ఒక సున్నపురాయి గనిలో స్టాక్ కొలిచాం. ఇదివరకు టోటల్ స్టేషన్ (సర్వే కొలతల పరికరం) పట్టుకుని ఇద్దరు మనుషులు కుప్పెక్కి దిగి రెండు రోజులు చేసేవారు. మాకు గాల్లో 40 నిమిషాలు, లెక్కలకు ఒక పూట. అయితే వచ్చే ఫ్రెషర్లతోనే నా గోల. డ్రోన్ ఎగరేస్తారు, సాఫ్ట్‌వేర్‌లో రంగురంగుల త్రీడీ మోడల్ చేసేస్తారు. "ఈ బెంచి (గనిలో మెట్టులా కోసిన గట్టు) ఇంత నిట్టనిలువుగా ఉంది, పర్లేదా?" అంటే మొహమొహాలు చూసుకుంటారు. డ్రోన్ నేర్పడానికి నాకు వారం చాలు. రాయి ఎప్పుడు జారుతుందో నేర్పడం నా వల్ల కాదు, అది కాలేజీ పని.

పాత_లెక్చరర్
చిన్నోడు నా గుండెలో మాట చెప్పాడు. 20 ఏళ్లకు పైగా వెంటిలేషన్ (గనిలోకి గాలి పంపే పాఠం) చెప్పాను, కాలేజీ ఏదైతేనేం. మా సర్వే ల్యాబ్‌లో థియోడొలైట్ (కోణాలు కొలిచే పరికరం) పెట్టె తాళంచెవి పోయి మూడేళ్లు. కొత్తది కొనడానికి ఫైలు కదిలింది, తాళం పగలగొట్టడానికి మాత్రం పర్మిషన్ రాలేదు. సగం పోస్టులు ఖాళీ, గెస్ట్ ఫ్యాకల్టీతో నడిపాం. వాళ్లలో గని చూడనివాళ్లూ ఉండేవారు. ఈ కోర్సుకు అసలు జబ్బు సోలార్ కాదు, ఇది.

సిలబస్ మార్చాలి అనగానే అందరూ ఏఐ పెట్టండి, పైథాన్ పెట్టండి అంటారు. పెట్టండి, వద్దన్నదెవరు? కానీ ఏం తీసేసి పెడుతున్నారన్నదే నా భయం. గనిలోకి పోయే గాలి రెట్టింపు చేయాలంటే ఒత్తిడి నాలుగు రెట్లు కావాలి, ఫ్యాన్‌కు కరెంటు ఎనిమిది రెట్లు. ఈ ఒక్క ముక్క తెలిసినవాడికి డీజిల్ బండ్లు తీసి బ్యాటరీ బండ్లు పెడితే గనికి ఏం మిగులుతుందో వెంటనే వెలుగుతుంది. పొగ తగ్గితే గాలి తక్కువ చాలు, గాలి తగ్గిన కొద్దీ కరెంటు బిల్లు అంతకన్నా చాలా వేగంగా పడిపోతుంది. తెలియనివాడు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె కింద సంతకం పెడతాడు. మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు తీసేయాలని బట్టీపట్టి రాస్తారు. సెన్సర్ ఎక్కడ బిగించాలో అడిగితే తడబడతారు. మీథేన్ తేలిక, కప్పు దగ్గర చేరుతుంది. మోకాలి ఎత్తులో పెడితే ఏం చూపిస్తుంది?

పెర్త్_పిల్లోడు
లెక్చరర్ గారి మాటకు ఇక్కడి నుంచి సాక్ష్యం. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రియో టింటో అనే పెద్ద మైనింగ్ కంపెనీ ఆపరేషన్స్ సెంటర్ ఉంది. పిల్బారా గనులు అక్కడికి 1500 కిలోమీటర్ల దూరం. డ్రైవర్ లేని ట్రక్కులను ఏసీ గదిలో కూర్చుని చూసుకుంటారు. బైలడిల్లా బావ గారూ, గని సిటీకి రాదన్నారు, కొంచెం వచ్చింది మరి. నేను వేరే కంపెనీలో జియోటెక్‌లో (రాయి, గట్టు నిలుస్తాయా లేదా చూసే విభాగం) ఉన్నా. గట్టు మిల్లీమీటర్ల లెక్కన కదులుతుంటే రాడార్ చెప్తుంది. మనుషుల్ని ఎప్పుడు ఖాళీ చేయించాలో చెప్పాల్సింది మాత్రం నేనే. రెండుసార్లు చెప్పా. ఒకసారి గట్టు పడింది, ఒకసారి పడలేదు. పడనిసారి ప్రొడక్షన్ మేనేజర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఇక్కడ కూడా 2010ల మధ్య నుంచి మైనింగ్‌లో చేరే పిల్లలు బాగా తగ్గిపోయారు. అందుకే నాలాంటి వాళ్లకు చోటు దొరికింది.

బైలడిల్లా_బావ
ఏసీ గదిలో కూర్చునేవాడు కూడా ముందు కొన్నేళ్లు దుమ్ము తినొచ్చినవాడై ఉండాలి కదా పెర్త్ తమ్ముడూ?

పెర్త్_పిల్లోడు
నూటికి నూరు. రెండేళ్లు తిన్నా. ఎర్ర దుమ్ము, ఇప్పటికీ ఒక చొక్కాకు పోలేదు.

కోడ్‌కూలీ
సరే, నేను కాస్త దిగుతున్నా. నా బ్యాచ్‌మేట్స్‌ని వాట్సాప్‌లో అడిగా. మొత్తం 46 మందిలో 19 మంది ఇంకా మైనింగ్‌లోనే ఉన్నారట. నేను పది మంది అనుకున్నా. ఆ 19లో ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు నాకంటే హాయిగా ఉన్నారు, ఈ మాట రాయడానికి నాకేం సంతోషంగా లేదు. ఒకడు పాత గనుల మూసివేత ప్లాన్లే రాస్తాడు. తవ్వకం ఆగాక ఆ గుంతను, మట్టిదిబ్బను, నీళ్లను ఏం చేయాలన్నదే వాడి పని. మేం చదివినప్పుడు అది రెండు పేజీల పాఠం.

నా సలహా మాత్రం అదే. సర్టిఫికెట్ పరీక్షకు పనికొచ్చే అనుభవం దొరుకుతుందా లేదా అన్నది చూసుకునే మొదటి ఉద్యోగంలో చేరమనండి. ప్యాకేజీ చూసి చేరొద్దు.

లెక్కలు_తప్పవు
కొత్తగూడెం కాలేజీ గురించి ఎవరూ చెప్పలేదు. 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైంది. చాలా ఏళ్లు కాకతీయ యూనివర్సిటీ కింద ఉండి, ఇప్పుడు డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. 2025 డిసెంబర్‌లో ప్రారంభించారు. జియాలజీ, పర్యావరణం, మైనింగ్ ఒకే కప్పు కిందికి తేవాలన్న ఆలోచన మంచిదే. బోర్డు మారింది. కొత్త పోస్టులు, ల్యాబులు ఎంత వేగంగా నిండుతాయో వెళ్లిన రోజు మీ కళ్లతో చూసి రండి.

రిటైర్డ్_ఓవర్‌మన్
అందరూ పెద్ద చదువుల ముచ్చట చెప్పిన్రు. నాదొక చిన్న ముచ్చట. కొత్తగా వచ్చిన ఇంజనీర్ బాబులకు నేను మొదటిరోజు నేర్పేది ఒకటే. గడ్డపార తీసుకుని కప్పు మీద కొట్టి వినమనేటోణ్ని. గట్టిగున్న కప్పు గంట లెక్క ఖంగుమంటది. లోపల పొర విడిస్తే డొల్ల చప్పుడు, ఖాళీ కుండ మీద కొట్టినట్టు. ఒక చెయ్యి కప్పుకు ఆనిచ్చి కొడితే ఆ వణుకు వేళ్లకు తెలుస్తది. ఒక బాబు నవ్విండు, "ఇది పుస్తకంలో ఉంది పెద్దాయనా" అని. ఉన్నది నిజమే. వారం దినాలకు ఆయనే ఆ చప్పుడు విని పది మందిని వెనక్కి పిలిచిండు. అరగంటకు కప్పు దిగింది.

ఉప్పల్_వాణి
ఈ పోస్టు మా అమ్మాయి నా ఫోన్‌లో చదివింది. చదివి గరిటె తీసుకుని ఇంట్లో గోడలన్నీ కొడుతోంది. బాత్రూమ్ దగ్గర ఒక టైల్ డొల్లగా ఉందట. నిజంగానే ఉంది.

చాయ్_బిస్కట్
మొదటి ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ వచ్చేసింది. మేస్త్రీని పిలవండి.

హెల్మెట్_జడ
ఆంటీ, తనను నాకు మెసేజ్ పెట్టమనండి. బూట్ల సైజు కూడా చెప్పమనండి.

ఉప్పల్_వాణి
ఫీజు కట్టేశాం. వాళ్ల నాన్నే కట్టారు, నాకు చెప్పకుండా. తండ్రీకూతుళ్లకు ఈ చెప్పకుండా చేసే జబ్బు ఒకటే. రిపోర్టింగ్‌కు ఎల్లుండి బయల్దేరుతున్నాం. హాస్టల్‌లో వంట ఎలా ఉంటుందో, ల్యాబులు, టాయిలెట్లు అన్నీ చూసొచ్చి ఇక్కడే రాస్తాను. రైలు టికెట్ల కోసం కొత్తగూడెం అని కొడితే ఏమీ రావట్లేదు, ఎవరైనా చెప్పండి.

రిటైర్డ్_ఓవర్‌మన్
స్టేషన్ పేరు భద్రాచలం రోడ్ అని కొట్టు బిడ్డా. ఊరు కొత్తగూడెమే. భద్రాచలం గుడి అక్కడ ఉండదు, ఆగం కాకుండ్రి.